ఫియర్డ్ అనే మాటలో మంచు ఎక్కడుంది?

పోటీ పరీక్షలకు చదివినవాళ్లకు ఈ బిట్ గుర్తుండే ఉంటుంది: ఫియర్డులకు ప్రసిద్ధి చెందిన దేశం ఏది? ఆప్షన్లలో నార్వే కనిపించగానే టిక్ పెట్టేసి ముందుకు పోతాం. ఇంతకీ ఫియర్డ్ అంటే ఏమిటని అడిగితే, హిమానీనదం కోసిన లోయలోకి సముద్రం చొరబడితే ఏర్పడే ఇరుకైన, లోతైన పాయ అని బట్టీపట్టిన నిర్వచనం అప్పజెప్పేస్తాం. నిర్వచనంలో తప్పు లేదు. కాకపోతే అది భూగర్భ శాస్త్రం వచ్చాక ఆ మాటకు తొడిగిన చొక్కా. మాట పుట్టినప్పుడు ఒంటిమీద ఆ చొక్కా లేదు. మంచు, లోయ, లోతు, కొండచరియలు, వీటిలో ఏదీ అందులో లేదు. మరి ఏముంది?

ముందు పలకడం సంగతి తేల్చుకుందాం. ఇంగ్లిషు స్పెల్లింగులో ఎఫ్ పక్కనే జె ఉండటంతో మనవాళ్లు కొందరు ‘ఫ్జోర్డ్’ అని కూడా రాసేశారు. నార్వే భాషలో జె అక్షరానికి ‘య’ ధ్వని. చివర ఉన్న డి అక్షరాన్ని వాళ్లు పలకనే పలకరు. ఓస్లో వీధిలో అడిగితే ‘ఫ్యూర్’కు దగ్గరగా ఏదో వినిపిస్తుంది. మన పుస్తకాల్లో ఫియర్డ్, ఫియోర్డ్, ఫ్యోర్డ్ మూడూ ఉన్నాయి. నేను చిన్నప్పటి నుంచీ అలవాటైన ఫియర్డ్ అనే రాస్తున్నాను.

ఇంగ్లిషులోకి ఈ మాట 17వ శతాబ్దంలో నార్వే నుంచి వచ్చింది. నార్వేవాళ్లకు వైకింగుల (వెయ్యేళ్ల కిందటి స్కాండినేవియా నావికుల) కాలపు పాత నార్స్ భాష నుంచి వచ్చింది. అక్కడ దాని రూపం ‘ఫ్యోర్దర్’కు దగ్గరగా ఉండేది. ఇంకా వెనక్కి వెళ్తే రాతప్రతులు ఉండవు. భాషాశాస్త్రవేత్తలు చెల్లెళ్ల ముఖాలు చూసి తల్లి ముఖం ఊహించినట్టు, బంధు భాషల్లోని మాటలను పోల్చి పాత రూపం కడతారు. అలా కట్టినవే ఇంగ్లిషు, జర్మన్, నార్వే భాషల శాఖ అయిన జర్మానిక్ మూలరూపం ‘ఫెర్థుజ్’, దానికి ముందున్న, సంస్కృతం, లాటిన్ కూడా చేరిన పెద్ద కుటుంబమైన ఇండో-యూరోపియన్ రూపం ‘పెర్తుస్’.

‘ప’ కాస్తా ‘ఫ’ ఎలా అయిందని అనుమానం రావచ్చు. దీని జవాబు మనకు సంస్కృతం ద్వారా తెలిసిన మాటల్లోనే ఉంది. పితృ అన్నచోట ఇంగ్లిషులో ఫాదర్. పాదం అన్నచోట ఫుట్. పూర్ణం అన్నచోట ఫుల్. పశు అన్న మాటకు చుట్టమైన జర్మానిక్ మాటే తర్వాత ఫీజు కట్టే ‘ఫీ’ అయింది, పశువులే ఆస్తి అయిన రోజుల గుర్తుగా. జర్మానిక్ భాషలు మిగతా కుటుంబం నుంచి విడిపోయేటప్పుడు పాత ‘ప’ చాలాచోట్ల ‘ఫ’గా, ‘త’ ‘థ’గా మారింది. యాకోబ్ గ్రిమ్ 1822లో ఈ మార్పులను సూత్రంగా రాశాడు, అందుకే గ్రిమ్ సూత్రం అంటారు. అంతకు నాలుగేళ్ల ముందే డెన్మార్క్ పండితుడు రాస్ముస్ రాస్క్ ఈ పోలికలు ఎత్తిచూపాడు గానీ పేరు గ్రిమ్‌కే దక్కింది. పెర్తుస్ నుంచి ఫెర్థుజ్ వచ్చిన దారి ఇదే.

అసలు విషయం ఆ మూలధాతువు ‘పెర్’లో ఉంది. దాని అర్థం దాటడం, అవతలికి చేర్చడం. పెర్తుస్ అంటే దాటే చోటు, దాటే దారి. ఈ ఒక్క మాట ఎక్కడికి పోతే అక్కడి అవసరాన్ని బట్టి వేషం మార్చింది. లాటిన్‌లో ‘పోర్తుస్’ అయి ఓడరేవును చెప్పింది. మనం వాడే పోర్టు అదే. జర్మన్‌లో ‘ఫుర్ట్’ అయింది, అంటే నదిని కాలినడకన దాటగలిగే లోతులేని చోటు. ఫ్రాంక్‌ఫర్ట్ అంటే ఫ్రాంకులు నది దాటిన చోటు. ఇంగ్లిషులో ‘ఫోర్డ్’ అయింది. ఆక్స్‌ఫర్డ్ అంటే ఎడ్లు ఏరు దాటే చోటు. ఇరాన్ పాత భాష అవెస్తాలో ‘పెరెతు’ వంతెన అయింది. చనిపోయిన ఆత్మ దాటాల్సిన చిన్వత్ వంతెన గురించి పార్సీలు చెప్పేటప్పుడు వాడేది ఈ మాటనే. స్కాండినేవియాకు చేరినది ఫియర్డ్ అయింది. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో దిగి నార్వే ఫియర్డులు చూడ్డానికి వెళ్లే మనిషి తెలియకుండానే ఒకే మాటను మూడుసార్లు పలుకుతాడు.

సంస్కృతంలో ఈ ధాతువు ‘పారం’ రూపంలో నిలిచింది, అంటే అవతలి ఒడ్డు. పారంగతుడు అంటే అవతలి ఒడ్డు చేరినవాడు. అపారం అంటే అవతలి ఒడ్డు కనపడనిది. సముద్రానికి పారావారం అని పేరు. అంటే ‘అపారమైన కృప’ అని మనం అనేటప్పుడు, నార్వేలో ఒక పడవవాడు ఫియర్డ్ అనేటప్పుడు, ఇద్దరి నోటా ఆడుతున్నది దూరపు చుట్టాలే. ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. నీళ్లు పారడం, పారే ఏరు అనేటప్పటి ‘పారు’ అచ్చమైన ద్రావిడ ధాతువు. దానికీ ఈ కుటుంబానికీ సంబంధం లేదు. ధ్వని కలిసింది కదా అని చుట్టరికం కలిపేసే వీడియోలు యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి, వాటి జోలికి పోకపోవడమే మంచిది.

ఒకే మాట నది దాటే చోటు, ఓడరేవు, సముద్రపు పాయ ఎలా కాగలిగిందన్నది వింతగా అనిపిస్తే మన ‘రేవు’ను గుర్తు చేసుకోండి. ఊరి చెరువులో దిగే చోటు రేవు. బట్టలు ఉతికేది చాకిరేవు. గోదావరి మీద పడవ ఎక్కేదీ దిగేదీ రేవే. అదే మాట విశాఖపట్నంలోనో కృష్ణపట్నంలోనో ఓడరేవు అవుతుంది, అక్కడికి లక్షల టన్నుల సరుకు వస్తుంది. చెరువు గట్టు మీది నాలుగు రాళ్లకూ పెద్ద పోర్టుకూ ఒకే మాట సరిపోయింది. ఎందుకంటే మాట చూసింది నీళ్ల సైజును కాదు, మనిషి అక్కడ చేసే పనిని. తీర్థం సంగతీ ఇంతే. తరించడం అంటే దాటడం. తీర్థం అంటే మొదట ఏరు దాటే చోటు, స్నానానికి దిగే రేవు. తర్వాతే పుణ్యక్షేత్రం అయింది.

ఇక నార్వే తీరాన్ని వైకింగు కళ్లతో చూద్దాం. పడమటి నార్వే కొండలు నిటారుగా ఉంటాయి, ఒక ఊరి నుంచి పక్క ఊరికి నేల మీద పోవాలంటే మంచు కొండలు ఎక్కి దిగాలి. పడవ ఎక్కితే అదే దూరం సాఫీగా పోతుంది. మనకు కొండల మధ్య నీళ్లు అడ్డంగా కనిపిస్తాయి. వాళ్లకు నీళ్లే దారి, కొండలే అడ్డు. కాబట్టి ‘దాటే దారి’ అన్న మాట ఆ పాయలకు పేరుగా అతుక్కుంది.

ఇది పాతకాలపు ముచ్చట అని కొట్టిపారేయడానికి లేదు. క్రిస్టియాన్‌సాండ్ నుంచి ట్రోన్‌హైమ్ దాకా నార్వే పడమటి తీరం వెంట ఈ-39 అనే హైవే ఉంది. పొడవు సుమారు 1,100 కిలోమీటర్లు. దాని మీద కారులో పోయేవాళ్లు ఏడుచోట్ల దాకా ఫెర్రీ ఎక్కి ఫియర్డ్ దాటాలి, అందుకే ప్రయాణానికి ఇరవై గంటలు పైనే పడుతుంది. వంతెనలూ సొరంగాలూ కట్టి ఫెర్రీల బెడద తప్పించాలని ప్రభుత్వం చూస్తోంది. అన్నట్టు ఫెర్రీ కూడా ఈ కుటుంబంలోదే, ‘పెర్’ మనవరాలే.

పని చూసి పెట్టిన పేరు కాబట్టి స్కాండినేవియావాళ్లు దాన్ని ఉదారంగా వాడారు. ఓస్లోకు వాయవ్యంగా తీరిఫియర్డ్ ఉంది. అది మంచినీటి సరస్సు, సముద్రంతో సంబంధమే లేదు. ఉత్తరాన లోఫోటెన్ దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్యనున్న వెస్ట్‌ఫియర్డ్ దాదాపు బయటి సముద్రమే. డెన్మార్క్‌లో కొండలే లేవు, అయినా ఫియర్డులు ఉన్నాయి. వాటిలో లిమ్‌ఫియర్డ్ కథ చెప్పుకోదగ్గది. అది డెన్మార్క్ ద్వీపకల్పమైన యూట్లాండ్ ఉత్తర భాగాన్ని అడ్డంగా కోసే లోతు తక్కువ నీటి వరుస. ఒకప్పుడు పడమటి వైపు దానికి నోరు లేదు, ఇసుక తిన్నె మూసి ఉండేది. 1825 ఫిబ్రవరిలో తుపాను వచ్చి నార్త్ సీ ఆ తిన్నెను తెంపేసింది. మంచినీటి పాయలోకి ఉప్పునీళ్లు వచ్చాయి, అవతలి నేల దీవిలా విడిపోయింది. శాస్త్రం ప్రకారం చూస్తే అది ఇప్పుడు జలసంధి. డేన్లు మాత్రం పేరు మార్చలేదు, వాళ్లకు అదింకా లిమ్‌ఫియర్డే.

ఇదే మాట స్వీడన్‌లో ‘ఫ్యార్డ్’, ఉత్తర జర్మనీలో ‘ఫ్యోర్డె’, స్కాట్లండ్‌లో ‘ఫర్త్’. ఎడిన్‌బరో పక్కనున్న ఫర్త్ ఆఫ్ ఫోర్త్‌లోని ఫర్త్ అదే. ఇక్కడ శాస్త్రవేత్తలు ఒక తమాషా చేశారు. ఒకే మాటకున్న ఈ యాసలను తీసుకుని వేర్వేరు భూరూపాలకు పంచిపెట్టారు. ఎత్తయిన కొండల మధ్య లోతుగా ఉంటే ఫియర్డ్ అన్నారు. స్వీడన్ తీరంలోలా మంచు కోసినా ఒడ్డు పల్లంగా ఉంటే ఫ్యార్డ్ అన్నారు. కీల్, ఫ్లెన్స్‌బుర్గ్ దగ్గరలా చదునైన మట్టినేలలో మంచు గీసిన లోతులేని పాయ అయితే ఫ్యోర్డె అన్నారు. గుంటూరు ‘వచ్చాడు’కు ఒక అర్థం, కరీంనగర్ ‘అచ్చిండు’కు ఇంకో అర్థం పెట్టినట్టుంది వ్యవహారం. పైగా మన తెలుగు రాతలో ఫియర్డ్, ఫ్యార్డ్ రెండూ ఒకటేమో అనిపిస్తాయి. పరీక్ష రాసేవాళ్ల టెన్షన్ వాళ్లది.

ఐర్లండ్‌కు వైకింగులు ఈ మాటను మోసుకెళ్లి ఊళ్ల పేర్లలో దాచిపెట్టారు. వాటర్‌ఫర్డ్ అన్న పేరు చూస్తే వాటర్ ప్లస్ ఫోర్డ్, నీళ్లు దాటే చోటు అనిపిస్తుంది. అది కాదు. దాని పాత నార్స్ రూపం ‘వెద్రాఫ్యోర్దర్’, చివరి ముక్క ఫియర్డ్. వెక్స్‌ఫర్డ్, స్ట్రాంగ్‌ఫర్డ్, కార్లింగ్‌ఫర్డ్ చివర ఉన్నదీ ఫియర్డే. ఆటుపోట్ల ఉరవడి గట్టిగా ఉండే పాయ కాబట్టి స్ట్రాంగ్‌ఫర్డ్. ఇంగ్లిషువాళ్ల చెవికి తమ సొంత ‘ఫోర్డ్’ పరిచయం, కాబట్టి కొత్త మాటను పాత మాటలోకి మలుచుకున్నారు. అవి అసలు అక్కాచెల్లెళ్లే కాబట్టి వాళ్లు చేసింది మరీ పెద్ద తప్పని నాకనిపించదు.

మరి మంచు ఎప్పుడు వచ్చి చేరింది? 1824లో. నార్వేలో పనిచేసిన ఖనిజశాస్త్ర ఆచార్యుడు యెన్స్ ఎస్మార్క్ నైరుతి తీరంలో, సముద్రమట్టానికి కొద్ది ఎత్తులోనే, ఒక మట్టీరాళ్ల కట్ట చూశాడు. అచ్చం అలాంటి కట్టలనే కొండల మీద బతికున్న హిమానీనదాలు తమ ముందుకు తోసుకొస్తాయి. అంటే ఒకప్పుడు మంచు ఇక్కడిదాకా, సముద్రం ఒడ్డుదాకా వచ్చిందన్నమాట. నార్వే ఫియర్డులను తవ్వింది అదేనని ఎస్మార్క్ ఆ ఏడాదే రాశాడు. మంచుయుగం ఆలోచనను ప్రపంచమంతా ఎక్కించిన లూయీ అగాసీ కన్నా ఇది పదేళ్లకు పైగా ముందు. అందరూ వెంటనే ఒప్పుకోలేదు. 1913లో కూడా బ్రిటిష్ భూగర్భవేత్త జె.డబ్ల్యు. గ్రెగరీ, ఫియర్డులు భూమి పగుళ్ల వల్ల ఏర్పడ్డాయే గానీ మంచు వల్ల కాదని గట్టిగా వాదించాడు. ఇవాళ చూస్తే ఆయన పూర్తిగా ఓడిపోలేదు. రాయి ఎక్కడ పగిలి బలహీనంగా ఉందో మొదట నదులు అక్కడే పారాయి. ఆ నదుల లోయల్లోకే మంచు దిగింది. తవ్వింది మాత్రం మంచే.

ఎంత తవ్విందో చూస్తే నమ్మబుద్ధి కాదు. నార్వేలో అన్నిటికన్నా పొడవైన సోగ్నెఫియర్డ్ 205 కిలోమీటర్లు, దాదాపు హైదరాబాద్ నుంచి కర్నూలు దాకా సముద్రం లోపలికి పోయినట్టు. లోతు 1,300 మీటర్లు. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌ను సముద్రమట్టం నుంచి కొలిచి అందులో దించితే కొండ మొత్తం మునిగిపోతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మంచుయుగం ముగిశాక సముద్రం పెరిగింది, లోయలు మునిగాయి, అవే ఫియర్డులు అంటారు. సుమారు 20 వేల ఏళ్ల కింద మంచు ఉధృతంగా ఉన్నప్పుడు సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్లు తక్కువ. మరి 1,300 మీటర్ల లోతు ఎక్కణ్నుంచి వచ్చింది? నది సముద్రమట్టం కన్నా కిందికి పెద్దగా కోయలేదు, అక్కడికి చేరేసరికి దాని పారుదల ఆగిపోతుంది. మంచు అలా కాదు. మంచు ముక్కలో పదింట తొమ్మిది వంతులు నీళ్ల కిందే ఉంటాయి కదా. అంటే వెయ్యి మీటర్ల మందమున్న హిమానీనదం తేలాలంటే తొమ్మిది వందల మీటర్ల లోతు నీళ్లు కావాలి. అది తేలనంతసేపూ అడుగును గీకుతూనే ఉంటుంది. సముద్రం పెరిగినా పెరగకపోయినా సోగ్నెఫియర్డ్ అడుగు సముద్రమట్టానికి కిందే ఉండేది.

పక్కలోయల నుంచి వచ్చిన మంచు కలిసి మందం ఎక్కువైన చోట, అంటే తీరానికి లోపలగా, తవ్వకం ఎక్కువ. తీరం దగ్గర కొండలు విడిపోగానే మంచు పక్కలకు పరుచుకుని పల్చబడుతుంది, తేలుతుంది, మోసుకొచ్చిన రాళ్లూ మట్టీ అక్కడే దించేస్తుంది. అందుకని ఫియర్డ్ నోటి దగ్గర లోతు ఉండదు. సోగ్నెఫియర్డ్ నోటి దగ్గర అడుగు వంద మీటర్ల ప్రాంతానికి లేచివస్తుంది. ఈ ఎత్తును భూగర్భవేత్తలు గడప అంటారు, మాట చక్కగా సరిపోయింది. గడప దాటి లోపలికి వచ్చిన నీళ్లు అడుగున కదలకుండా ఉండిపోతాయి. దక్షిణ నార్వేలోని ఫ్రామ్‌వారెన్‌లో గడప మీద నీళ్లు రెండు మీటర్లే. లోపల ఇరవై మీటర్ల కింద నుంచి ఆక్సిజన్ ఉండదు, కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. పైన పడవలు పోతుంటాయి, కింద చేప బతకదు.

గడప లేకుండా, అడుగు నదిలోయలా లోపలి నుంచి తీరం వైపు క్రమంగా లోతవుతూ పోతే అది ఫియర్డ్ కాదు, మునిగిన నదిలోయ. దానికి స్పెయిన్ గలీసియా ప్రాంతపు మాట ‘రియా’ స్థిరపడింది. గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్లు సెలవుల్లో ఒమాన్‌లోని ముసందం వెళ్లి పడవ షికారు చేస్తుంటారు, ఆ పడవల బ్రోచర్లలో దాన్ని అరేబియా నార్వే అంటారు. ఫొటోలు చూస్తే నిజమే అనిపిస్తుంది. కానీ అక్కడ ఏ హిమానీనదమూ లేదు. ఆ కొండలు యూరేషియా భూఫలకం కిందికి నొక్కుకుపోతూ మునుగుతుంటే లోయల్లోకి సముద్రం వచ్చింది. అరబ్బులు తమ పాయను ‘ఖోర్’ అంటారు, అందులో ఏ గొడవా లేదు. పాపికొండల ఫొటోల కింద మన కుర్రాళ్లు ఇండియన్ ఫియర్డ్ అని రాసుకోవడం కూడా చూశాను. లాంచీలో పోతుంటే అటూ ఇటూ కొండలు దగ్గరికొచ్చి నిలబడే ఆ అందానికి ఇంకో దేశం పేరు అవసరం లేదు. అది గోదావరి తనంతట తాను తూర్పు కనుమల్లో కోసుకున్న దారి. మంచుకూ సముద్రానికీ అక్కడ పని లేదు.

ఇప్పుడు న్యూజిలాండ్ వెళ్దాం, ఈ చిక్కుముడి అక్కడ ఇంకా బిగుసుకుంది. దక్షిణ దీవి నైరుతి మూలను ఫియర్డ్‌లాండ్ అంటారు. ఇంగ్లిషులో జె తీసేసి ఐ పెట్టి రాస్తారు. అక్కడ పర్యాటకులు ఎక్కువగా పోయేది మిల్‌ఫర్డ్ సౌండ్. ఏడాదికి ఆరు మీటర్లకు పైగా వర్షం పడే చోటు. అడవుల నుంచి టీ రంగులో వచ్చిన వాననీళ్లు ఉప్పునీళ్ల మీద పొరలా తేలి వెలుగును అడ్డుకుంటాయి, అందుకే చీకటి లోతుల్లో బతకాల్సిన నల్ల పగడాలు అక్కడ పది మీటర్ల లోతులోనే పెరుగుతాయి. అక్కడి గైడ్లు చెప్పే మాట ఒకటుంది: దీనికి పేరు తప్పు పెట్టారండీ, సౌండ్ అంటే నది లోయ మునిగితే వచ్చేది, ఇది మంచు కోసినది కాబట్టి ఫియర్డ్ అనాలి.

శాస్త్రం ప్రకారం గైడు చెప్పింది నిజమే. పేరును విప్పి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. 1812 ప్రాంతంలో వేల్స్‌కు చెందిన జాన్ గ్రోనో అనే సీల్ వేటగాడు తన ప్రాంతపు మిల్‌ఫర్డ్ హేవెన్ పేరు దీనికి పెట్టాడు. తర్వాత నావికుడు జాన్ లోర్ట్ స్టోక్స్ దాన్ని మిల్‌ఫర్డ్ సౌండ్ చేశాడు. వేల్స్‌లోని ఆ మిల్‌ఫర్డ్ పాత నార్స్ మాట. ‘మెల్’ అంటే ఇసుక తిన్నె, చివరి ‘ఫర్డ్’ మళ్లీ మన ఫ్యోర్దరే. తమాషా ఏమిటంటే వేల్స్‌లోని ఆ పాయ శాస్త్రం ప్రకారం రియా. అంటే ఫియర్డ్ కాని ఫియర్డ్ పేరు తెచ్చి నిజమైన ఫియర్డ్‌కు పెట్టారు, ఆ పేరులో ఫియర్డ్ ఉందని తెలియక పక్కన సౌండ్ తగిలించారు, ఇప్పుడు ఫియర్డ్ అని ఎందుకు పెట్టలేదని నొచ్చుకుంటున్నారు. ఆ సౌండ్‌కూ చప్పుడుకూ సంబంధం లేదు. అది ఈదడం అనే అర్థమున్న ‘సుంద్’ నుంచి వచ్చింది, అంటే ఈది దాటగలిగిన నీళ్లు. ఒకటి పడవలో దాటే మాట, ఒకటి ఈది దాటే మాట.

1998లో న్యూజిలాండ్ ప్రభుత్వం మావోరీల పాత పేరును కూడా అధికారికంగా చేర్చింది. ఇప్పుడు మ్యాపుల్లో మిల్‌ఫర్డ్ సౌండ్ పక్కన పియోపియోటాహి అని ఉంటుంది. ఒంటరి పియోపియో పిట్ట అని దాని అర్థం. పురాణ వీరుడు మావుయి చనిపోతే ఒక పియోపియో పిట్ట ఏడుస్తూ అక్కడికి ఎగిరివచ్చిందని మావోరీల కథ. ఆ పిట్టజాతి ఇప్పుడు లేదు. ఆ పేరులో నీళ్లూ లేవు, మంచూ లేదు, దాటడమూ లేదు.